వాగుకు అవతల

వింటర్‌కూమ్ కొత్త బస్ షెల్టర్ ప్రారంభం రోజున కత్తెర ఉన్న పళ్లెం పట్టుకునే పని చివరికి నెస్టా ప్రౌస్ నెత్తిన పడింది.

పొద్దుటి నుంచీ సన్నగా వాన. ఓక్ దూలాలూ, నల్లపలకల కప్పూ, గోడకి చిన్న పుస్తకాల అరా ఉన్న ఆ షెల్టర్ కింద, రెండూళ్లకీ కలిపి పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిల్ సభ్యులంతా ఇరుకిరుగ్గా నిలబడ్డారు. పళ్లెం పట్టుకున్న నెస్టాకి మాత్రం కప్పు కింద చోటు దొరకలేదు. చూరు నీళ్లు ఆమె మెడ వెనక నుంచి కోటులోకి దిగుతున్నాయి.

అధ్యక్షురాలు వెరిటీ అలర్‌డైస్ కత్తెర తీసుకుంటూ నెస్టా ముంజేతి మీద ఒకసారి చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెయ్యడం నెస్టాకి బాగా తెలుసు. పాలవాడి మీదా, పాస్టరు మీదా, పోస్టాఫీసు క్యూలో ముక్కు చీదుకునే ముసలమ్మ మీదా వెరిటీ చెయ్యి అలాగే పడుతుంది. అలా ఒక్కసారి తాకగానే మొహం ముడుచుకుని ఉన్న మనిషి కూడా విచ్చుకుంటాడు. పదకొండేళ్లుగా కౌన్సిల్ బల్ల చివర కూర్చుని చూస్తోంది నెస్టా. ఇంట్లో ఒకసారి అద్దం ముందు తన చెయ్యి తనే చాపి చూసుకుంది కూడా. ఎవరినో అరెస్టు చెయ్యబోతున్నట్టు ఉంది.

"ఈ షెల్టర్ ఆలోచన నాది కాదు," అంది వెరిటీ అందరి వైపూ తిరిగి. "వానలో తడుస్తూ బస్సు కోసం నిలబడటం ఏమిటని మొట్టమొదట కౌన్సిల్లో అడిగింది మన నెస్టా. ఆవిడకి చప్పట్లు కొట్టాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. నెస్టా పళ్లెంతో పాటు నవ్వు కూడా పట్టుకుని నిలబడింది. అడిగిన మాట నిజమే. కానీ ఆమె అడిగింది వాగుకు అవతల ఉన్న తమ ఫోర్డెండ్‌కి. ఆ ఏడాదికి ఒక్క షెల్టర్‌కే డబ్బుందన్నారు. ఎక్కువ మంది ఉన్న చోట పెడదామన్నారు. చేతులెత్తారు. వింటర్‌కూమ్ చేతులు ఎప్పుడూ ఎక్కువే.

"విడిపోతామని అర్జీ పెట్టినావిడే పళ్లెం పట్టుకుందే!" అన్నాడు క్లెమెంట్ గాత్, పక్కవాడికి చెబుతున్నట్టు అందరికీ వినపడేలా. వింటర్‌కూమ్‌లో చర్చి గడ్డి కోయించే పని చూసే సభ్యుడాయన. "రిబ్బనుతో పాటు పారిష్‌ని కూడా కత్తిరించుకుపోతారేమో, కత్తెర జాగ్రత్త వెరిటీ!"

జనం నవ్వారు. వెరిటీ కూడా నవ్వి, "కత్తిరిస్తే తిన్నగా కత్తిరిస్తారులెండి, ఆవిడ చేతిపని మీకు తెలీదు," అంది.

అదే భరించలేకపోయింది నెస్టా. తిడితే తిరిగి తిట్టొచ్చు. మెచ్చుకుంటే ఏం చేస్తాం?

కొండ దిగి, కాలిబాట వంతెన దాటి ఫోర్డెండ్‌కి వచ్చేసరికి ఓల్వెన్ స్పైట్ బస్సు స్తంభం పక్కన నిలబడి ఉంది. నెత్తిన రొట్టెల ప్లాస్టిక్ సంచీ బోర్లించుకుంది. స్తంభం ఒక పక్కకి వాలి ఉంది.

"కత్తిరించారా?"

"ఆఁ."

"బాగుందా?"

"పుస్తకాలు కూడా పెట్టారు."

"అమ్మో," అంది ఓల్వెన్ సంచీ సర్దుకుంటూ. "మనకి చదువుకోవడానికి వాన ఉందిలే."

*

ఇంట్లో ముందు గదిలో, సీటు అల్లడానికి వచ్చిన వెరిటీ కుర్చీ కాళ్లు పైకి పెట్టుకుని బల్ల మీద బోర్లా పడుంది. పేము సీటు మధ్యలో పెద్ద చిల్లు. పాత పేమంతా కోసి, చట్రం చుట్టూ ఉన్న బెజ్జాలన్నీ నెస్టా నిన్ననే శుభ్రం చేసింది. గిన్నెలు తోమే తొట్లో కొత్త పేము నానుతోంది.

తడి కోటు విప్పి, కుర్చీ తిరగేసి, కూర్చుంది. ఒక పేము పోగు తీసి, వేళ్ల మధ్య లాగి మెరుపు వైపు ఏదో చూసుకుంది. బెజ్జంలోంచి పైకి తీసి, ఎదుటి బెజ్జంలోకి దింపి, జారిపోకుండా చెక్క మేకు బిగించింది. మళ్లీ పక్క బెజ్జం. నిలువు వరసలు అయ్యాక అడ్డం వరసలు, ఆ తర్వాత ఐమూలగా. మామూలుగా ఆ పని మొదలుపెడితే ఆమె మనసు నెమ్మదిస్తుంది. ఇవాళ ప్రతి పోగూ అవసరానికి మించి లాగుతోంది.

"తెగుతుంది," అన్నాడు ఐవర్, కిటికీ దగ్గర పేపరు చదువుతూ. ముప్పై ఏళ్లు మొబైల్ లైబ్రరీ వ్యాన్ నడిపి రిటైరైన మనిషి. ఎవరినీ తొందరపెట్టడు, ఎవరికీ తొందరపడడు.

"తెగదు."

"నెస్టా, ఒక్క మాట అడుగుతా. నీకు వేరే కౌన్సిల్ కావాలా, వెరిటీ కుర్చీ కావాలా?"

ఆమె తలెత్తి చూసింది. ఐవర్ మొహంలో నవ్వు లేదు. కళ్లలో ఉంది.

"నీకు వేళాకోళంగా ఉంది. ఫిబ్రవరిలో గడపగడపా ఎక్కింది నేను. సంతకాలు చాలినన్ని వచ్చాయి కాబట్టే జిల్లా కౌన్సిల్ వాళ్లు కదిలారు. లేకపోతే మన మొహం చూసేవాళ్లా? శనివారం వాళ్ల మనిషి ఒకోరో వస్తున్నాడు, అందరి మాటా వింటాడు. అప్పుడు చెబుతా. షెల్టర్ సంగతీ, ఉయ్యాలల సంగతీ, రోడ్డు పక్క గడ్డి సంగతీ. జనవరి మంచులో పోయిన కరెంటు కూడా ముందు వాళ్లకే వచ్చింది."

"కరెంటు వెరిటీ ఇచ్చిందా?"

"ఎవరిస్తేనేం, ముందు వచ్చింది కదా!"

ఐవర్ పేపరు మడిచాడు. "ఆవిడ దగ్గరికి కూడా సంతకం కోసం వెళ్లావా?"

"ఆవిడ వాగుకు అటువైపు."

"అటువైపు వాళ్లు పెట్టకూడదని ఉందా ఏమిటి? పారిష్ మొత్తంలో ఎవరైనా పెట్టొచ్చన్నావుగా."

నెస్టా మళ్లీ కుర్చీ మీదికి వంగింది. పోగు లాగింది. అది పుటుక్కున తెగింది.

*

శుక్రవారం మధ్యాహ్నానికి కుర్చీ ఆరింది. ఐవర్ కారులో వెనక సీటు మీద పెట్టుకుని కొండ ఎక్కింది నెస్టా. వెరిటీ ఇల్లు వింటర్‌కూమ్‌లో చిట్టచివర, రాతి ఇల్లు. లోపలికి ఎప్పుడూ రాలేదు. కుర్చీ తీసుకెళ్లమని వెరిటీయే షెడ్డు దగ్గర అప్పజెప్పింది. ఇవాళ మాత్రం, "భోజనాల గదిలో పెట్టేద్దాం, రండి," అని ముందు నడిచింది.

పొడుగాటి బల్ల. మైనం పట్టించి తుడిచిన చెక్క. దాని చుట్టూ ఇలాంటివే ఇంకో ఐదు కుర్చీలు. ఖాళీగా ఉన్న చోటు కిటికీకి ఎదురుగా ఉంది. నెస్టా కుర్చీని అక్కడ దింపింది. ఎంతమంది వస్తారో ఈ బల్లకి అనుకుంది. డాక్టర్లూ, పాస్టర్లూ, పై ఊరి పెద్దలూ. మా ఇంట్లో వంటింటి బల్లకి నలుగురు కూర్చుంటే ఐవర్ మోకాలు ఫ్రిజ్‌కి తగులుతుంది.

అలవాటు కొద్దీ మిగతా సీట్ల మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసింది. బిగువు సడలలేదు. కొత్త గడ్డి రంగు ఇంకా పోలేదు. దుకాణంలోంచి నిన్న తెచ్చినట్టున్నాయి.

"ఇవి మీతరం అంతా వస్తాయి," అంది.

"వస్తాయి లెండి," అంది వెరిటీ. కొత్త సీటు మీద వేళ్లతో రాసి చూసింది. "ఎంత చక్కగా అల్లారు! కూర్చోవడానికి మనసొప్పడం లేదు. టీ పెట్టనా?"

"వద్దు. పనుంది."

"ఒక్క నిమిషం. కెటిల్ మరిగే ఉంది."

"వద్దండి."

వెరిటీ ఇంకా ఏదో అనబోయి కిటికీ తెర సర్దింది. నెస్టా చూపు అటు పోయింది. కిటికీలోంచి ఫోర్డెండ్ మొత్తం కనిపిస్తోంది. వాగు, వంతెన, వరసగా ఇళ్ల కప్పులు, డెన్‌జిల్ పబ్బు పొగగొట్టం. తమ పెరడు కూడా. తీగ మీద ఐవర్ చొక్కాలూ, ఆయన లోపలి బనీన్లూ ఊగుతున్నాయి.

చెవులు వేడెక్కాయి నెస్టాకి. ఇక్కడ ఈ కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, పైనుంచి మమ్మల్ని చూస్తుందన్నమాట. తోటలో చీమల పుట్ట చూసినట్టు. మా బట్టలు, మా పొగ, మా స్తంభం దగ్గర తడిసే ఓల్వెన్. అన్నీ చూసి, షెల్టర్ పైన కట్టుకుంది.

"రేపు మీటింగులో గట్టిగా చెప్పండి," అంది వెరిటీ గుమ్మం దాకా వస్తూ. "ఒకోరో వినే మనిషి. నేను ఫోన్లో మాట్లాడాను. తొందరపడకుండా చెప్పండి, మీరు కోపంలో కాస్త వేగంగా మాట్లాడతారు."

ఎలా మాట్లాడాలో కూడా ఈవిడే నేర్పుతోంది. నెస్టా కారు తలుపు గట్టిగా వేసింది. సీటుబెల్టు కొన తలుపులో ఇరుక్కుంది. మళ్లీ తలుపు తీసి, బెల్టు లాక్కుని, మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. అంతసేపూ వెరిటీ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతూనే ఉంది.

*

శనివారం వింటర్‌కూమ్ హాలు నిండిపోయింది. ఎవరూ ఎవరికీ చెప్పకపోయినా ఫోర్డెండ్ వాళ్లు ఎడమవైపూ, వింటర్‌కూమ్ వాళ్లు కుడివైపూ కూర్చున్నారు. జిల్లా కౌన్సిల్ నుంచి వచ్చిన టోబీ ఒకోరో పెద్ద పటం ఒకటి గోడకి అంటించాడు. వాగు వెంబడి ఎర్ర చుక్కల గీత. ముప్పై దాటని మనిషి. గొంతు మెత్తగా ఉంది కానీ వెనక వరసకి కూడా వినిపిస్తోంది.

"నేనివాళ ఏదీ తేల్చడానికి రాలేదు," అన్నాడు. "వినడానికి వచ్చాను. జిల్లా కౌన్సిల్ ముఖ్యంగా చూసేవి రెండు. ఇక్కడివాళ్లు తమని తాము ఒక ఊరుగా అనుకుంటున్నారా, లేదా? వేరుపడితే పనులు సజావుగా సాగుతాయా, లేదా? ఎవరికి ఎవరి మీద కోపం ఉందన్నది నా పటంలో గియ్యలేను."

జనం నవ్వారు. క్లెమెంట్ గాత్ లేచాడు.

"పోతే పోనివ్వండి బాబూ! కానీ పన్ను కట్టేవాళ్లు తగ్గుతారు. చర్చి సమాధుల మధ్య గడ్డి ఎవరు కోయిస్తారు? చచ్చాక వాళ్లొచ్చి పడుకునేది కూడా అక్కడేగా!"

"చచ్చేదాకా మాకు గడ్డి కోసిన పాపాన పోలేదుగా!" అంది ఓల్వెన్.

ఒకోరో చెయ్యెత్తి ఆపి, నెస్టా వైపు చూశాడు. "అర్జీ మొదలుపెట్టింది మీరే కదా, మిసెస్ ప్రౌస్. చెప్పండి."

నెస్టా లేచింది. వేగంగా మాట్లాడకూడదని వెరిటీ చెప్పింది కాబట్టి మరింత వేగంగా మొదలుపెట్టింది. షెల్టర్ చెప్పింది. ఉయ్యాలలు చెప్పింది. క్రిస్మస్ దీపాలు వంతెన దాకా వచ్చి ఆగిపోవడం చెప్పింది. పారిష్ పేరులోనే ఫోర్డెండ్ లేదని చెప్పింది. "జనవరి మంచులో అన్ని రోజులు కరెంటు పోతే, మొదట పైవాళ్లకే వచ్చింది. మేమింకా చీకట్లోనే ఉన్నాం," అంది. ఎడమవైపు వాళ్లు బల్లలు చరిచారు.

ఒకోరో రాసుకోవడం ఆపాడు.

"అన్నీ విన్నాను. ఇవన్నీ వింటర్‌కూమ్ గురించి. వాళ్లకేం ఉందో చెప్పారు. ఇప్పుడు మీ ఊరి గురించి చెప్పండి. ఫోర్డెండ్ అంటే ఏమిటి?"

నెస్టా నోరు తెరిచింది. వాగు అందామనుకుంది, అది పటంలోనే ఉంది. ఇళ్లు అందామనుకుంది. అంతమంది కళ్లూ తన మీదే ఉన్నాయి. ఇన్నేళ్లూ కొండ పైకి చూసీ చూసీ మెడ అటే తిరిగిపోయింది. కింద ఏముందో అడిగితే మాట లేదు.

"మాకు పబ్బుంది," అన్నాడు డెన్‌జిల్ సాయంగా. తనదే పబ్బు కాబట్టి అందరూ గొల్లుమన్నారు. నెస్టా మొహం కందగడ్డయింది. కూర్చుండిపోయింది.

అప్పుడు వేదిక మీది బల్ల వెనక నుంచి వెరిటీ లేచింది. మెట్లు దిగి కింద నేల మీదికి వచ్చి నిలబడింది.

"అధ్యక్షురాలిగా కాదు, కొండ చివరింట్లో ఉండే మనిషిగా మాట్లాడతాను," అంది. "నెస్టా చెప్పింది నిజం. కరెంటు మాకు ఒక రోజు ముందు వచ్చింది. దీపం వేసుకుని కూర్చున్నాను. వేసుకున్నాక ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నానని ఇంకా బాగా కనిపించింది."

హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"ఆ సాయంత్రం కింద చీకటి. డెన్‌జిల్ పబ్బులో మాత్రం మంట. ఫోర్డెండ్ మొత్తం అక్కడే ఉంది. ఒక్క పొయ్యి మీద అందరికీ వండుతున్నారు. ఎవరింట్లో ఉన్న దుప్పట్లు వాళ్లు తెచ్చి పిల్లల్ని బల్లల మీద పడుకోబెడుతున్నారు. కిటికీలోంచి చూశాను. పాటలు కూడా వినిపించాయి, శ్రుతి ఏమీ లేదు. బూట్లు వేసుకుని వంతెన దాకా దిగాను. వంటింటి తలుపు తెరిచి ఉంది. నెస్టా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఎవరినో తిడుతోంది, తిట్టించుకున్నవాళ్లు నవ్వుతున్నారు. నన్నెవరూ పిలవలేదు. వెనక్కి వెళ్లిపోయాను. అప్పటినుంచీ మీరంటే నాకు కుళ్లు. ఈ ముక్క పటంలో గియ్యలేరని తెలుసు, మిస్టర్ ఒకోరో. కానీ వాళ్లు ఒక ఊరా అని అడిగారు కాబట్టి చెబుతున్నా. ఊరే. మేం ఈ పైన ఇళ్లలో ఉంటాం, అంతే."

"మాటలు చూసుకో వెరిటీ!" అన్నాడు క్లెమెంట్.

"మంచులో నువ్వు నా తలుపు తట్టావా క్లెమెంట్? నేను నీ తలుపు తట్టానా?"

క్లెమెంట్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఒకోరో చాలాసేపు రాసుకున్నాడు. తర్వాత లేచి, ఆకులు రాలే కాలానికి ముసాయిదా వస్తుందనీ, దాని మీద మళ్లీ అందరూ రాసి పంపవచ్చనీ, చివరికి జిల్లా కౌన్సిల్ ఓటేసి ఉత్తర్వు ఇస్తుందనీ, అన్నీ కుదిరితే వచ్చే మేలో ఫోర్డెండ్ తన కౌన్సిల్‌ని తనే ఎన్నుకోవచ్చనీ చెప్పాడు. ఎడమవైపు వాళ్లు లేచి ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు. నెస్టా వీపు మీద ఎవరెవరివో చేతులు పడుతున్నాయి. ఆమె కూర్చునే ఉంది.

*

హాలు వెనక వంటగదిలో కప్పులు కడుగుతోంది వెరిటీ. నెస్టా గుడ్డ తీసుకుని పక్కన నిలబడింది. రెండు కప్పులు తుడిచింది.

"గెలిపించావు," అంది చివరికి, మన్నింపు మానేసి. అది మెచ్చుకోలులా వినపడలేదు.

"అడిగాడు, చెప్పాను."

"నాకు నోరు రాని చోట నువ్వు చెప్పావు. నా ఊరి గురించి. అది కూడా నువ్వే చెప్పాలా?"

వెరిటీ చేతులు నురగలో ఆగాయి. "కిటికీలోంచి చూసేవాళ్లకి బాగా కనిపిస్తుంది, నెస్టా. లోపల ఉన్నవాళ్లకి దుంపలు చెక్కు తీసే పనుంటుంది."

నెస్టా అదే కప్పుని మళ్లీ తుడిచింది. భోజనాల గదిలో బిగువు సడలని ఆ ఐదు సీట్లూ అరచేతికి ఇప్పుడు తగిలినట్టయింది. వాటి మీద ఎవరూ కూర్చోరని ముట్టుకుని కూడా తెలుసుకోలేదు. తన మీద తనకే ఒళ్లు మండింది.

"వంతెన దాకా వచ్చినదానివి నాలుగడుగులు వేసి లోపలికి రాలేకపోయావా?"

"పిలవలేదుగా."

"పిలవడానికేముంది అక్కడ! డెన్‌జిల్ తలుపుకి గడియే లేదు. ఊరంతా నీ చుట్టూ తిరుగుతుంటే నిన్ను పిలవాలని ఎవరనుకుంటారు? నీకేం తక్కువని?"

"నువ్వు అనుకుంటావేమోననుకున్నా," అంది వెరిటీ. "ఫిబ్రవరిలో కూడా మా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగావు. కిటికీలోంచి చూశాను. సంతకం పెడదామని కలం తీసుకుని కూర్చున్నా."

నెస్టా గుడ్డ ఆరేసింది. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరగకుండానే, "ఆరు గంటలకి అందరం పబ్బులోనే ఉంటాం. ఇది పిలుపే. మళ్లీ పిలవలేదనకు," అనేసి వెళ్లిపోయింది.

*

ఆరున్నరకి, ఇంకా ఎండ ఉండగానే, వెరిటీ వచ్చింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. అంతే, ఆ తర్వాత ఆగాల్సిన పని లేకపోయింది.

ఓల్వెన్ వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. డెన్‌జిల్, ఊళ్లో ఎవరికీ ఉచితంగా ఉప్పు కూడా పెట్టని డెన్‌జిల్, ఆమె ముందు గ్లాసు పెట్టి డబ్బు వద్దన్నాడు. ఆమె ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారి ఘొల్లున నవ్వారు. డెన్‌జిల్ ముంజేతి మీద ఆ చెయ్యి పడింది. డెన్‌జిల్ విచ్చుకున్నాడు.

నెస్టా గోడవారన బెంచీ మీద కూర్చుని చూస్తోంది. మంచులో శ్రుతి లేకుండా ఏ పాట పాడారో వెరిటీ పాడి వినిపించమంటోంది. వీళ్లు పాడుతున్నారు. ఇన్నేళ్లలో నన్నెప్పుడైనా అడిగారా, ఏ పాట కావాలని? కడుపులో పాత మంట, ఆరిపోయిందనుకున్నది, మళ్లీ రాజుకుంది. పక్కన ఐవర్ కుర్చీలోంచి లేస్తున్నాడు.

"ఎక్కడికి?"

"ఆవిడ నిలబడే ఉంది కదా, కుర్చీ ఇద్దామని."

"నాకోసం ఎప్పుడైనా లేచావా?"

"నువ్వెప్పుడైనా నిలబడి ఉన్నావా?" అన్నాడు ఐవర్ ఆశ్చర్యంగా.

అప్పుడే ఓల్వెన్ గొంతు పబ్బంతా వినిపించింది. "వెరిటీ, మీరు మా కొత్త కౌన్సిల్‌కి నిలబడకూడదూ? మూడు మైళ్ల లోపల ఉంటే చాలట, ఆ ఒకోరో కుర్రాడు చెప్పాడు! మాకు అధ్యక్షురాలు దొరికినట్టుంటుంది!"

నవ్వులు సగంలో ఆగిపోయాయి. ఒక్కొక్కరే గోడవైపు తిరిగారు. ఓల్వెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డెన్‌జిల్ తుడిచిన గ్లాసునే తుడుస్తున్నాడు.

"ఏయ్, లేదు లేదు," అంది వెరిటీ గబగబా. మొహం తెల్లబడింది. గ్లాసు బల్ల మీద పెట్టేసింది, కోటు కోసం చూస్తోంది. "ఊరికే రానిస్తే చాలు నన్ను. అసలు నేను వెళ్లాలి కూడా..."

ఆమె చేతులు కోటు బొత్తాల కోసం తడుముకోవడం నెస్టా చూసింది. జనం మధ్య ఆ చేతులు తడబడటం ఇన్నేళ్లలో అదే మొదటిసారి చూడటం. అది చూసి సంతోషించాలని చాలా కాలంగా ఎదురుచూసింది. తీరా చూస్తే సంతోషం రాలేదు.

"నిలబడు," అంది నెస్టా గట్టిగా. "దమ్ముంటే నిలబడు. చిత్తుగా ఓడిస్తా."

మొదట నవ్వింది వెరిటీ. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, ఎప్పుడూ ఏ మీటింగులోనూ నవ్వనంత పెద్దగా. తర్వాత ఓల్వెన్. తర్వాత పబ్బంతా.

నెస్టా నవ్వలేదు. కడుపులో మంట అలాగే ఉంది. దాన్ని అలాగే ఉంచుకుని, బెంచీ మీద ఐవర్ వైపు కాస్త జరిగి వెరిటీకి చోటిచ్చింది.

"ఏమిటా నిలబడటం," అంది, "కూర్చో."